రేటు కాదు, తూకం చూడండి

నెల్లూరు టౌన్ హాల్‌కు వచ్చిన పెద్దలందరికీ నమస్కారం. పిల్లల్ని పైలట్ శిక్షణకు పంపినవాళ్లు, పంపబోయేవాళ్లు ఇక్కడ ఉన్నారు. 200 గంటలు ఎగిరి కమర్షియల్ లైసెన్సు తెచ్చుకోవడంతోనే మన లెక్క ఆగిపోతోంది. ఉద్యోగంలో చేరాక "జీతం తగ్గించుకోండి, లేకుంటే విమానాలు వేరేవాళ్లకు పోతాయి" అని కంపెనీ కాగితం ముందు పెడితే అందులో ఏం చదవాలి?

వడ్లు అమ్మేవాళ్లకు ఈ కిటుకు తెలుసు. మనకు పుట్టి అంటే 850 కిలోలు. దళారి రేటు ముట్టుకోడు, తేమ అనీ తాలు అనీ తూకంలో లాగుతాడు. పైలట్ జీతానికీ ఒక తూకం ఉంది. విమానం కదిలిన క్షణం నుంచి గమ్యంలో నిలిచేదాకా లెక్కకట్టేవి బ్లాక్ అవర్స్. ఎగిరినా ఎగరకపోయినా నెలకు ఇన్ని గంటల డబ్బు ఇస్తామన్న మాట గ్యారంటీ. గంటకు 5,000 రూపాయలు, గ్యారంటీ 70 గంటలు అనుకుందాం. నెలకు 3,50,000. రేటులో 5 శాతం కోస్తే పోయేది 17,500. రేటు అలాగే ఉంచి గ్యారంటీని 55కు దించితే, విమానం షెడ్డులో ఉండిపోయిన నెలలో 75,000 పోతుంది.

అమెరికాలో ప్రాంతీయ సంస్థలు పెద్ద సంస్థ రంగు వేసుకుని తిరుగుతాయి. టికెట్లు అమ్మేదీ షెడ్యూలు వేసేదీ పెద్ద సంస్థే. చిన్న సంస్థ కోసుకోగలిగేది ముఖ్యంగా జీతాలే, అందుకే ఒకరి మీదికి ఒకరిని పోటీకి తెస్తారు. 2013లో పీఎస్‌ఏ అనే ప్రాంతీయ సంస్థ పైలట్లు జీతభత్యాలు తగ్గించుకోవడానికి ఒప్పుకున్నారు, కొత్త విమానాలు అటు వెళ్లాయి. 2014లో అలాంటిదే మరో సంస్థ ఎన్వాయ్ పైలట్లు ఓటేసి కాదన్నారు, వాళ్లకు రావాల్సినవి వేరేవాళ్లకు పోయాయి. ఆ బెదిరింపు ఉత్తది కాదు, పిల్లలకు ఇది దాచకుండా చెప్పండి. 2022లో పైలట్ల కొరత వచ్చాక అదే ఎన్వాయ్ కోపైలట్‌కు గంటకు 90 డాలర్లు ఇచ్చింది.

రోజులు ఇలా మారతాయి కాబట్టి, కోతకు ఒప్పుకుంటే దాని గడువే ప్రాణం. ఫలానా తేదీకి పాత రేటు దానంతటదే తిరిగి రావాలని రాయించుకోవాలి. "పరిస్థితి బాగుపడ్డాక మాట్లాడుకుందాం" అన్న వాక్యానికి విలువ లేదు. విమానాలు ఇస్తామంటే ఎన్ని, ఏ తేదీకి, రాకపోతే కోత రద్దవుతుందా అన్నది అక్షరాల్లో ఉండాలి.

2009లో అమెరికాలోని బఫలో నగరం దగ్గర కోల్గన్ అనే ప్రాంతీయ సంస్థ విమానం కూలి 50 మంది పోయారు. కోపైలట్ జీతం ఏడాదికి సుమారు 16 వేల డాలర్లు. సియాటిల్ నుంచి రాత్రంతా ప్రయాణించి డ్యూటీకి వచ్చింది. రెక్కలు విమానాన్ని గాలిలో నిలపలేని స్థితి (స్టాల్) వస్తోందన్న హెచ్చరికకు కెప్టెన్ తప్పుగా స్పందించడమే కారణమని దర్యాప్తు తేల్చింది, అలసట ప్రభావమూ ఉండొచ్చంది. ఇల్లు గడవని జీతం నిద్రను తింటుందని మా గట్టి నమ్మకం.

మన దేశంలో విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ 2017 నిబంధన ప్రకారం రాజీనామాకు కమాండర్ (కెప్టెన్) ఏడాది, కోపైలట్ ఆరు నెలలు నోటీసివ్వాలి. నోటీసు కాలంలో జీతం తగ్గిస్తే ముందే విడుదల కోరవచ్చని కూడా అందులోనే ఉంది. అందుకే రాజీనామా ఇచ్చిన రోజే తేదీ వేసిన రసీదు తీసుకుని, ఆ నెల జీతం స్లిప్పుతో కలిపి ఇంట్లో భద్రపరచండి.