బరువు తీసేస్తే నిలబడిన వంతెన

(పాలిటెక్నిక్ సివిల్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మన దగ్గర రోడ్డు పనులకు డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ అని ఒకటి ఉంటుంది. పని పూర్తయ్యాక ఫలానా ఏళ్ళలోపు ఏం పాడైనా కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగుచేయాలి. ఈ షరతు ఇప్పటిది కాదు. 1746లో బ్రిటన్‌లోని వేల్స్‌లో విలియం ఎడ్వర్డ్స్ అనే మేస్త్రీ సరిగ్గా ఇలాంటి కాగితం మీదే సంతకం పెట్టాడు. టాఫ్ నది మీద వంతెన కట్టాలి, 500 పౌండ్లు ఇస్తారు, ఏడేళ్ళు నిలబెట్టే పూచీ ఆయనది. ఆ ఒక్క షరతు లేకపోతే ఇవాళ నేను చెప్పబోయే వంతెన పుట్టేదే కాదు.

ఆ ఊరు ఇప్పటి పాంటిప్రిడ్. అప్పట్లో అక్కడ పెద్దగా ఊరే లేదు. కొండల మధ్య పొలాలు, గొర్రెలు, వేగంగా పారే ఒక నది. ఎడ్వర్డ్స్ 1719లో ఆ దగ్గర్లోనే ఒక రైతు ఇంట పుట్టాడు. ఏ ఇంజినీరింగ్ బడికీ పోలేదు. పొలం గట్ల రాతి గోడలు పేరుస్తూ పని నేర్చుకున్నాడు. పక్కనే ఉన్న కేర్‌ఫిలీ కోట శిథిలాల్లో పాత మేస్త్రీలు రాయి ఎలా చెక్కారో, ఎలా కూర్చారో చూసి చెయ్యి తిప్పుకున్నాడని అంటారు. దీనికితోడు ఆయన చర్చి బోధకుడు కూడా. ఆదివారం ప్రసంగం, మిగతా రోజులు సున్నం, రాయి.

మొదటి వంతెన అందరూ కట్టినట్టే కట్టాడు. నదిలో పిల్లర్లు, వాటి మీద కమానులు. రెండేళ్ళు గడిచాక పెద్ద వరద వచ్చింది. కొండల మీద నుంచి చెట్లు, దుంగలు, గడ్డి కొట్టుకొచ్చి పిల్లర్లకు అడ్డం పడ్డాయి. వంతెన కాస్తా ఆనకట్ట అయింది. వెనక నీళ్ళు పేరుకుని, ఆ ఒత్తిడికి మొత్తం కొట్టుకుపోయింది. వరదల్లో మన ఊళ్ళ చిన్న కల్వర్టులు పోయేది కూడా చాలావరకు ఇలాగే. నీటి బరువు కన్నా నీళ్ళు మోసుకొచ్చే చెత్త ఎక్కువ ముంచుతుంది.

అలాగని నదిలో పిల్లర్లు వేయడమే తప్పని కాదు. మన హైదరాబాద్ పురానాపూల్ 1578లో 22 కమానులతో కట్టారు, 1908 మూసీ వరదను కూడా తట్టుకుంది. ఏ నదికి ఏది నప్పుతుందో అదే కట్టాలి. టాఫ్ ఇరుకైనది, నిటారు కొండల నుంచి దిగి వస్తుంది. అందుకే ఎడ్వర్డ్స్ ఈసారి నీళ్ళలో ఒక్క పిల్లరు కూడా వద్దనుకున్నాడు. ఒడ్డు నుంచి ఒడ్డుకు ఒకే కమాను, 140 అడుగులు. అప్పటికి బ్రిటన్‌లో అంత కమాను ఎవరూ నిలబెట్టలేదు. వెనిస్‌లోని పేరుమోసిన రియాల్టో వంతెన కమాను కూడా వంద అడుగుల లోపే.

రాతి కమాను సంగతి మీకు తెలుసు. చివరి రాయి పడేదాకా దానికి సొంత బలం ఉండదు, కింద సెంట్రింగే మోయాలి. ఆ చెక్క సెంట్రింగ్ నిలబడాల్సింది అదే నదిలో. పని దాదాపు పూర్తవుతుండగా మళ్ళీ వరద వచ్చి సెంట్రింగ్‌ను ఊడ్చుకుపోయింది. దాంతోపాటే కమానూ పోయింది.

మూడోసారి సెంట్రింగ్ గట్టిగా వేశాడు. కమాను పూర్తయింది, సెంట్రింగ్ తీశారు, వంతెన నిలబడింది. కొద్దికాలానికే, ఏ వరదా లేకుండా కూలింది. అదీ వింతగా కూలింది. నడినెత్తిన ఉన్న రాళ్ళు కిందికి జారలేదు, పైకి లేచాయి!

ఇక్కడ కాస్త ఆగుదాం. పరీక్షల్లో మీరు గీసే థ్రస్ట్ లైన్, అంటే కమానులో ఒత్తిడి ఏ దారిన ఒడ్డుకు దిగుతుందో చూపే గీత, ఇక్కడే పనికొస్తుంది. పందిట్లో రెండు గుంజల మధ్య వేలాడే పూలదండను ఊహించుకోండి. దండకు రెండు చివర్ల దగ్గర బరువులు కట్టండి. ఆ చోట్ల దండ కిందికి దిగుతుంది, మధ్య భాగం పైకి లేస్తుంది. ఇప్పుడు దాన్ని తలకిందులు చేసి చూడండి, కమాను వస్తుంది, కానీ బరువులు లేనప్పటి కన్నా దాని మధ్య భాగం కిందికి ఉంటుంది. వేలాడే గొలుసును తిరగేస్తే నిలబడే కమాను ఆకారం వస్తుందని రాబర్ట్ హుక్ 1675లోనే చెప్పాడు. కమానులో బరువు ఎక్కడెంత ఉండాలన్నది ఆ ఆకారాన్ని బట్టే తేలుతుంది. ఎడ్వర్డ్స్ కమాను చాలా పలచన. దాని మీద దారి వేయడానికి రెండు భుజాల దగ్గర, అంటే కమాను ఒడ్డుల వైపు వంగి దిగే చోట, గుంతలు పూడుస్తూ రాయి, మట్టి బాగా నింపాల్సి వచ్చింది. నడినెత్తిన మాత్రం దాదాపు ఏమీ లేదు. భుజాల మీది బరువు రెండు వైపుల నుంచీ నొక్కేసరికి మధ్య భాగం పైకి తన్నుకొచ్చింది.

సాధారణంగా అయితే ఏం చేస్తారు? ఇంకాస్త మందంగా కడతారు. మన కాంట్రాక్టర్లయితే ఇంకో రెండు లారీల మెటీరియల్ దించుతారు. ఎడ్వర్డ్స్ దీన్ని పూర్తిగా తిరగేసి ఆలోచించాడు. నాలుగోసారి అదే కమాను కట్టి, ఒక్కో భుజంలో మూడేసి గుండ్రటి సొరంగాలు వదిలాడు. వంతెన ఈ పక్క నుంచి ఆ పక్కకు ఆరపార కనబడే బొక్కలు. ఒడ్డు వైపుది 9 అడుగుల వ్యాసం, తర్వాతది 6, నడినెత్తి వైపుది 3. బరువు ఎక్కడ ఎక్కువుందో అక్కడ పెద్ద బొక్క. లోపలి నింపుడులో బరువు తగ్గడానికి బొగ్గు కూడా వాడాడని చెబుతారు. 1756లో పూర్తయింది. ఆయన అప్పటికే పీకల్లోతు అప్పుల్లో ఉన్నాడు, చుట్టుపక్కల పెద్ద భూస్వాములు ఆదుకోబట్టి పని సాగింది.

ఆ కొలతలు చూడండి. 140 అడుగుల నిడివికి 35 అడుగుల ఎత్తు. లెక్క వేస్తే 175 అడుగుల వ్యాసం ఉన్న వృత్తంలో ఒక ముక్క అది. సుమారు 40 ఏళ్ళ పాటు బ్రిటన్‌లో అదే అతి పెద్ద రాతి కమాను. అందమూ తక్కువేం కాదు. చిత్రకారుడు టర్నర్ కూడా దాన్ని గీశాడు.

అయితే వాడేవాళ్ళు మాత్రం తిట్టుకున్నారు. 35 అడుగులు ఎక్కి మళ్ళీ దిగాలి కదా. బరువు బండ్లు దిగేటప్పుడు చక్రాలు అదుపు తప్పకుండా వెనక గొలుసు కట్టి ఈడ్చుకుంటూ దింపేవారు. గుర్రాలకూ బండివాళ్ళకూ అదో రోజువారీ టెన్షన్. చివరికి 1857లో పక్కనే, దాదాపు ఆనించినట్టు, చదునైన విక్టోరియా వంతెన కట్టారు. దూరం నుంచి ఫొటో తీస్తే ఆ కొత్తది అడ్డొచ్చి పాతదాన్ని సగం మింగేస్తుంది. నా మటుకు నాకు అది చూస్తే కాస్త కోపమే వస్తుంది, కానీ బండివాణ్ణి తప్పు పట్టలేం.

ఎడ్వర్డ్స్ ఆ ఫిర్యాదును వినకపోలేదు. ఒడ్డున పునాదులు కదలకుండా గట్టిగా ఉంటే కమానును ఇంత ఎత్తుగా లేపనక్కర్లేదని తర్వాతి పనుల్లో పట్టుకున్నాడు. ఆయన 1773లో లాండోవరీ దగ్గర టోవీ నది మీద కట్టిన డోలౌహిరియన్ వంతెన నిడివి 84 అడుగులు. దానికీ భుజాల్లో గుండ్రటి బొక్కలున్నాయి. 1789లో ఆయన పోయాక కొడుకులూ వంతెనల పనే చేశారు. పాంటిప్రిడ్ పాత వంతెన మీద ఇప్పుడు బండ్లు పోవు, మనుషులు నడుస్తారు. 2020 ఫిబ్రవరిలో డెన్నిస్ తుఫానుకు టాఫ్ పొంగి ఆ ఊరి వీధుల్లోకి, దుకాణాల్లోకి వచ్చింది. వరద ఆ కమాను కిందుగానే పోయింది.

బోర్డు మీద కమాను గీసి పెట్టాను. ముందు బొక్కలు లేకుండా థ్రస్ట్ లైన్ గీయండి, తర్వాత బొక్కలతో గీయండి. గంట సమయం ఉంది, అనుమానాలుంటే నన్ను పిలవండి.