పట్టు జారే వేళ

శ్రోతలకు నమస్కారం.

ఇప్పుడే ఈ గదిలో ఎర్రదీపం వెలిగింది. వెలగ్గానే నా నోరు ఎండిపోయింది. అద్దం అవతల కూర్చున్నాయన చేత్తో సైగ చేస్తున్నారు, మొదలుపెట్టమని. ఇరవై అడుగుల ఎత్తున గుడ్డకు తలకిందులుగా వేలాడే మనిషిని, కుర్చీలో కూర్చుని నాలుగు కాగితాలు చదవడానికి ఇలా అయిపోతాననుకోలేదు. కాబట్టి ఇవాళ భయం గురించి మాట్లాడుతున్నది భయాన్ని జయించిన మనిషి కాదు, ఇప్పటికీ భయపడే మనిషేనని ముందే మనవి చేసుకుంటున్నాను.

నేను చేసే పనిని ఏరియల్ సిల్క్ అంటారు. పైన దూలానికి ఒక కొక్కెం, దానికి గిరగిరా తిరిగే స్వివెల్, అక్కడి నుంచి నేల దాకా రెండు పాయలుగా దిగే పొడవాటి గుడ్డ. దాన్ని కాళ్లకూ నడుముకూ చుట్టుకుంటూ పైకెక్కుతాం, పైన భంగిమలు పడతాం, కొన్నిచోట్ల ఒక్కసారిగా చుట్లు విప్పుకుంటూ జారి, మళ్లీ టక్కున ఆగుతాం. ఆ జారడాన్ని డ్రాప్ అంటాం. పేరుకు సిల్క్ గానీ మేం వాడేది కాస్త సాగే నైలాన్ బట్ట. అయినా దాన్ని తెలుగులో పట్టు అనడమే సబబు. పట్టుకుంటేనే కదా ప్రాణం!

విజయవాడ పటమటలో మేం సాధన చేసే షెడ్డు ముందు ఆగి చూసేవాళ్లు "ఇది సర్కస్సా, డాన్సా అండీ?" అని అడుగుతుంటారు. రెండింటితోనూ చుట్టరికం ఉంది. మహారాష్ట్రలో తాడు మీద మల్లఖంబ్ అనే కసరత్తు చేసే ఆడపిల్లల్ని చూస్తే మాకు పెద్దక్కల్లా అనిపిస్తారు. మన ఊళ్లలో గడ ఎక్కి ఆడినవాళ్లకైతే కింద పరుపు కూడా ఉండేది కాదు, డోలు చప్పుడు తప్ప. వాళ్లకు సభాకంపం ఉండేదో లేదో నాకు తెలీదు గానీ, నాకు మాత్రం నిండుగా ఉంది.

ఆరేళ్ల కిందటి మాట. నా మొదటి ప్రదర్శన, గుంటూరు వైపు ఒక కల్యాణ మండపంలో, పెళ్లివారి సంగీత్. మూడు రోజుల ముందు నుంచే నిద్ర లేదు. తిన్నది ఒంటికి పట్టలేదు. మా అమ్మ దిష్టి తీసింది. ఫోన్ చేసిన ప్రతివాళ్లూ "స్టేజ్ ఫియరేలే, ఎక్కితే పోతుంది" అన్నారు. నేనూ అదేననుకున్నాను. తీరా హాల్లోకి వెళ్లి పైకి చూస్తే కడుపులో దేవినట్టయింది. తళతళలాడే ఫాల్స్ సీలింగు, మధ్యలో ఒక కొక్కెం. డెకరేషన్ చేసేవాళ్ల మేస్త్రి ధీమాగా అన్నాడు: "ఆ కొక్కేనికి వంద కిలోల షాండ్లియర్ వేలాడదీశామండీ. మీరెంత, యాభై ఉంటారా?"

"షాండ్లియర్ డ్రాపులు వెయ్యదు కదండీ" అన్నాను.

నవ్వాడు గానీ అది నవ్వే మాట కాదు. ఊరికే వేలాడుతున్నప్పుడు నా బరువు యాభై నాలుగు కిలోలే. డ్రాప్ వేసి ఆగిన క్షణంలో పైన పడే లాగుడు దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. మాతో వచ్చిన కుర్రాడు నిచ్చెన వేసుకుని ఎక్కి చూసి వచ్చాడు. కొక్కేన్ని బిగించింది కాంక్రీటు దూలానికి కాదు, ఫాల్స్ సీలింగ్ పట్టుకునే రేకు చట్రానికి. ఆ రాత్రి నేను పైకెక్కలేదు. చిన్నప్పుడు నేర్చుకున్న కూచిపూడిలోంచి ఏదో కలిపి నేల మీదే ఆడి వచ్చేశాను. వాళ్లు సగం డబ్బులే ఇచ్చారు. 'ఆడలేక మద్దెల ఓడు' అని వెనకాల ఎవరో అననే అన్నారు. మా పనిలో మాత్రం మద్దెల నిజంగానే ఓడైతే మనిషి మిగలదు.

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు, బ్యారేజీ దాటుతుండగా నాకు ఒకటి తట్టింది. అన్నాళ్లూ రెండు వేరు వేరు భయాల్ని నేను ఒకే పేరు పెట్టి పిలుస్తున్నాను. పడిపోతానేమో అన్నది ఒకటి. నలుగురూ నవ్వుతారేమో అన్నది ఇంకొకటి. శరీరంలో రెండూ ఒకేలా ఉంటాయి: అదే గుండెదడ, అవే చల్లటి చేతులు, అదే నోరెండటం. ఆ పూట "స్టేజ్ ఫియరేలే" అనుకుని ఊపిరి బిగబట్టి ఎక్కేసి ఉంటే ఇవాళ మీతో మాట్లాడేదాన్ని కాదు.

అందుకే మా దగ్గర నేర్చుకునే పిల్లలకు ఒక పరీక్ష నేర్పాను. భయమేసినప్పుడు, ఆ భయం దేన్నైనా వేలు పెట్టి చూపించగలదా అని అడగండి. ఆ కొక్కెం, ఎడమ కాలికి పడిన ఆ చుట్టు, నిన్నటి నుంచి పీకుతున్న కుడి భుజం, సరిగా పరవని పరుపు... ఇలా చూపించగలిగితే అది పని తెలిసిన భయం. దాని మాట విని వెళ్లి సరిచూసుకోవాలి. ఏమీ చూపించలేక "ఏదో అవుతుంది, ఏదో అవుతుంది" అని మాత్రమే గొణుగుతుంటే అది జనం భయం. దానికి మర్యాదగా ఓ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాలి. వెళ్లగొట్టడానికి ప్రయత్నించి నేను చాలా అలసిపోయాను. అది వెళ్లదు.

ఎందుకు వెళ్లదంటే అది బుద్ధిలో పుట్టింది కాదు. పోట్లాటకో పారిపోవడానికో ఒళ్లు సిద్ధమయ్యే తీరును వాల్టర్ కానన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1915లోనే వివరించాడు. అడ్రినలిన్ పోటెత్తుతుంది. చర్మం నుంచి, పొట్ట నుంచి రక్తం పెద్ద కండరాల వైపు మళ్లుతుంది. అందుకే చేతులు చల్లబడేది, కడుపు తిప్పేది. అరచేతులకు మాత్రం ప్రత్యేకంగా చెమట పడుతుంది. మిగతా ఒంటికి ఎండవల్ల పట్టే చెమట, అరచేతులకు ఎక్కువగా కంగారువల్ల పడుతుంది. పాట పాడేవాళ్లకు, ఉపన్యాసం చెప్పేవాళ్లకు చేతుల చెమట ఒక ఇబ్బంది కాదు, రుమాలుతో తుడుచుకుంటారు. మాకు బతుకంతా అరచేతిలోనే ఉంటుంది. అందులోనూ బెజవాడ ఉక్కపోత!

వయొలిన్ వాయించేవాళ్లు కమానుకు రాస్తారే, రోజిన్, దాని పొడే మేమూ చేతులకు రాసుకుంటాం. అయితే చెమటకన్నా మోసం చేసేది బిగింపు. భయం వేసినప్పుడు గుడ్డను అవసరానికి రెట్టింపు గట్టిగా పట్టుకుంటాం, ఊపిరి బిగబడతాం. రెండో నిమిషానికి ముంజేతులు రాళ్లయిపోతాయి. వేళ్లు వాటంతట అవే విచ్చుకోవడం మొదలవుతుంది. దీనికి మందు ఊపిరి వదలడమే. ఊపిరిని పీల్చడం కన్నా నెమ్మదిగా, ఎక్కువసేపు వదిలితే గుండె వేగం తగ్గుతుంది. లెక్క గుర్తుండటానికి నేను కూచిపూడి క్లాసు జతినే వాడతాను. 'తకధిమి' అనుకుంటూ పీల్చడం, 'తకధిమి తకజణు' అనుకుంటూ వదలడం. తెర వెనకాల ఐదారుసార్లు. పైకెక్కాక తలకిందులయ్యే ప్రతిసారీ పైకి వినపడేలా 'హా' అని వదిలేస్తాను. ముందు వరసలో వాళ్లకు వినిపించినా ఫర్వాలేదు.

కొందరు మాత్రల సంగతి అడుగుతారు. గుండెదడ తగ్గించే మాత్రలు కచేరీలు చేసేవాళ్లలో కొందరు వాడతారు, నిజమే. వాటితో బీపీ తగ్గి కళ్లు తిరగొచ్చు, ఉబ్బసం ఉన్నవాళ్లకైతే ప్రమాదం. తలకిందులుగా వేలాడే పనికి డాక్టరు చెప్పకుండా అటు పోవద్దు. ఇంతకు మించి చెప్పడానికి నేను డాక్టర్ని కాను.

ఇంకో మాట. "టెన్షన్ పడకు, టెన్షన్ పడకు" అని వీపు నిమిరేవాళ్లను తెర వెనక్కి రానివ్వకండి. 2014లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు పాడబోయేవాళ్లతో, మాట్లాడబోయేవాళ్లతో ఒక ప్రయోగం చేసింది. 'నేను ప్రశాంతంగా ఉన్నాను' అనుకున్నవాళ్లకన్నా 'నాకు ఉత్సాహంగా ఉంది' అనుకున్నవాళ్లే బాగా చేశారు. కొట్టుకుంటున్న గుండెను ఆపమంటే ఆగదు గానీ, దానికి పేరు మారిస్తే ఒప్పుకుంటుంది. మావాళ్లు "హుషారుగా ఉందండీ" అనాలి. పళ్లు టకటకలాడుతున్నా సరే, అలాగే అనాలి.

ఇప్పుడు బొద్దింకల దగ్గరికి వద్దాం. 1969లో రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, అతని తోటివారు బొద్దింకల్ని పరిగెత్తించారు. చుట్టూ ప్రేక్షకులుగా వేరే బొద్దింకల్ని పెట్టారు. నమ్మండి, నిజం! తిన్నని దారిలో పరిగెత్తే బొద్దింక, తోటి బొద్దింకలు చూస్తుంటే ఇంకా వేగంగా పోయింది. మలుపు తిరగాల్సిన దారిలో మాత్రం, చూసేవాళ్లుంటే ఆలస్యం చేసింది. బాగా వచ్చిన పనిని జనం ఇంకా బాగా చేయిస్తారు, సగం వచ్చిన పనిని చెడగొడతారు. అందుకని ప్రదర్శనలో నాకు వచ్చిన వాటిలో కష్టమైనవి పెట్టను. నిద్రలో లేపి అడిగినా చేయగలిగేవే పెడతాను. మిగతావి షెడ్డు కోసం. దీన్ని పిరికితనం అనేవాళ్లున్నారు. అననివ్వండి.

అలవాటు చేయాల్సినవి చిన్న చిన్నవి చాలా ఉంటాయి. వేసుకోబోయే డ్రెస్‌తోనే రిహార్సల్ చేయాలి. ఫోకస్ లైట్లు కళ్లలో పడుతుంటే తలకిందులవడం ముందే ఒకసారి చూసుకోవాలి. ఆ రోజు ఒంటికి లోషన్ వద్దు, జడకు కొబ్బరినూనె వద్దు. గాజులు, ఉంగరాలు అమ్మ చేతికిచ్చేయాలి. "మంగళసూత్రం తీయడమేంటే?" అని ఒక అత్తగారు నాతో అరగంట వాదించారు. చివరికి పసుపుతాడు ఆవిడ మెళ్లోనే వేసుకుని కూర్చున్నారు.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష మన సభలే. కార్యక్రమం ఆరింటికి అంటారు. ఆరున్నరకు జ్యోతి ప్రజ్వలన. ఆ తర్వాత అధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి. శాలువాలు, జ్ఞాపికలు, ఫొటో కోసం మళ్లీ ఒకసారి శాలువా. ఆరింటికి ఒళ్లు వేడెక్కించుకుని సిద్ధంగా నిలబడిన పిల్ల ఎనిమిదింటికి చల్లబడి, రెండు గంటలపాటు భయాన్ని మగ్గబెట్టుకుని పైకెక్కాలి. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో పద్యనాటకాలు వేసే పెద్దలైతే మేకప్‌తోనే ఓ కునుకు తీసి లేచేవాళ్లు. మాకా విద్య రాదు. నేను నిర్వాహకుల్ని ఒకటే అడుగుతాను: మా వంతుకు పదిహేను నిమిషాల ముందు ఒక మనిషిని పంపండి చాలు. అంతవరకు మా పిల్లల్ని తెర పక్కన నిలబెట్టను. వెనక గదిలో అంత్యాక్షరి ఆడుకుంటారు. మనిషి రాగానే మళ్లీ మొదటి నుంచి ఒళ్లు వేడెక్కించుకుంటారు.

పోయిన ఏడాది అలాగే ఒక సభలో, మా దగ్గర నేర్చుకునే డిగ్రీ అమ్మాయి మొదటిసారి ఎక్కింది. మనిషి వచ్చి పిలిచాక నా దగ్గరికొచ్చి "మేడమ్, ఒక్క స్టెప్పూ గుర్తు రావట్లేదండీ" అంది. చేతులు పట్టుకు చూస్తే ఐసుముక్కలు. ఆ భయం ఏమన్నా చూపిస్తోందా అని అడిగాను. కాసేపు ఆలోచించి "లేదండీ, ఊరికే" అంది. అయితే ఎక్కు అన్నాను. పైకెళ్లాక స్టెప్పులన్నీ వాటంతటవే వచ్చేశాయి. చివర్లో పెద్ద డ్రాప్. నడుముకు చుట్టు వేసుకుంది, చేతులు విప్పబోయి ఆగింది. కింద నుంచి నాకూ కనిపించింది, చుట్టు ఒకటి తక్కువైంది. పాట అయిపోవస్తోంది, హాలు నిండా జనం. అలాంటప్పుడు చేతులు తొందరపడి విప్పేయాలనే చూస్తాయి. తను విప్పలేదు. ఒక చెయ్యి చాచి, ఒక కాలు వెనక్కి మడిచి, అలా గాల్లో నిలిచిపోయింది. పాట ఆగాక మెల్లగా చుట్లు విప్పుకుంటూ, నిచ్చెన దిగినట్టు దిగొచ్చింది.

చప్పట్లు బాగానే పడ్డాయి. వాళ్ల అమ్మమ్మ గారు కూర్చున్నచోటు నుంచి లేచి వచ్చి "అన్నిట్లోకీ ఆ చివర నెమలిలా ఆగావు చూడూ, అదే బాగుందే" అన్నారు. పిల్ల నావైపు చూసింది. నేనేం మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున ఆరింటికి తాళం తీద్దామని వెళ్లేసరికి గేటు దగ్గర చెప్పులు విప్పేసి నిలబడి ఉంది. ఆ డ్రాప్ పదకొండుసార్లు వేసింది. పన్నెండోసారి నేనే వద్దన్నాను, ముంజేతులు వణుకుతున్నాయి.

నమస్కారం.