జడ్జిగా గెలిచాడు, కుర్చీ మాత్రం ఇవ్వలేదు

శ్రోతలందరికీ నమస్కారం అండి. అమెరికా పాలిటిక్స్‌లో మనవాళ్ళు అంటే ఇప్పుడు గబగబా నాలుగైదు పేర్లు చెప్పేస్తాం కదా, కానీ వీళ్ళందరికన్నా ముందు, 1956లోనే అమెరికా కాంగ్రెస్‌కి గెలిచిన ఒకాయన ఉన్నాడు, దలీప్ సింగ్ సౌంద్ అని, మొత్తం ఆసియాలో పుట్టినవాళ్ళలోనే, సభలో ఓటేసే హక్కున్న సభ్యుడిగా అక్కడి ప్రతినిధుల సభకి ఎన్నికైన మొదటి మనిషి. మన పాఠాల్లో ఎక్కడా కనపడడు పాపం.

1899లో అమృత్‌సర్ దగ్గర ఒక పల్లెటూళ్ళో పుట్టాడు. అమ్మానాన్నలకి చదువు రాదు, కానీ నాన్న కాంట్రాక్టులు చేసి బాగానే సంపాదించాడు, కొడుకుని లెక్కల్లో డిగ్రీ దాకా చదివించాడు. 1920లో అమెరికా బయల్దేరాడు, ఇంట్లో చెప్పిన కారణం ఏంటంటే పళ్ళూ కూరగాయలూ డబ్బాల్లో నిల్వచేసే విద్య నేర్చుకుని రెండు మూడేళ్ళలో వచ్చేస్తానని. కాలిఫోర్నియాలో బర్క్‌లీ యూనివర్సిటీలో చేరాడు, అక్కడికెళ్ళాక డబ్బాలు పక్కనపెట్టి మళ్ళీ లెక్కల్లోనే పడ్డాడు, 1924కల్లా పీహెచ్‌డీ చేతికొచ్చింది.

పీహెచ్‌డీ వచ్చింది సరే, ఉద్యోగం ఎవరిస్తారు? సరిగ్గా ఆ ముందు ఏడాదే, 1923లో, భగత్ సింగ్ థిండ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఇండియావాళ్ళు "తెల్లవాళ్ళు" కారు కాబట్టి పౌరసత్వానికి పనికిరారు అని తేల్చేసింది. ఆ థిండ్ అనే ఆయన మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా ఆర్మీ యూనిఫాం వేసుకున్న మనిషి అండి, అయినా సరే కాదన్నారు. పౌరసత్వానికి పనికిరానివాడు కాలిఫోర్నియాలో భూమి కొనకూడదు, కౌలుకి కూడా తీసుకోకూడదు, అది ఇంకో చట్టం.

అందుకని మన డాక్టర్ గారు దక్షిణ కాలిఫోర్నియాలో, మెక్సికో బోర్డర్ దగ్గర ఇంపీరియల్ వ్యాలీ అనే ఎర్రటెండ కాసే ఎడారి ప్రాంతానికెళ్ళి, పత్తి తీసే కూలీల ముఠాకి మేస్త్రీగా చేరాడు. తర్వాత సొంతంగా సేద్యం మొదలెట్టాడు. అక్కడ పంజాబీ రైతులు చాలామంది పౌరసత్వం ఉన్న తెలిసినవాళ్ళ పేరు మీద కౌలు రాయించుకుని పంటలు వేసేవాళ్ళు, అంటే అవతలివాడి మాట మీద నమ్మకమే తప్ప చేతిలో కాయితం ఉండదన్నమాట. ఈయన లెట్యూస్ అనే ఆకుకూర వేశాడు, ఇంకేవేవో వేశాడు, ముప్ఫైల్లో ఆ పెద్ద మాంద్యం వచ్చి రేట్లు పడిపోయేసరికి అప్పుల్లో కూరుకుపోయాడు. పెళ్ళి 1928లో, మరియన్ కోసా అనే చెక్ కుటుంబం అమ్మాయితో. ఈ పెళ్ళి వెనక ధైర్యం తెలియాలంటే ఒక సంగతి చెప్పాలి, పౌరసత్వానికి అర్హత లేనివాణ్ణి చేసుకున్న అమెరికన్ స్త్రీకి ఉన్న పౌరసత్వం కూడా పోయే రోజులవి.

ఓటు లేదు, పొలం పేరు మీద లేదు, అయినా ఈయన ఊళ్ళో జనంతో రాజకీయాలు మాట్లాడ్డం మానలేదు, రూజ్‌వెల్ట్ అధ్యక్షుడిగా వచ్చాక ఆయన పార్టీ డెమోక్రాట్‌ల పక్షం అయిపోయాడు. 1942లో తోటి భారతీయులతో కలిసి ఒక సంఘం పెట్టి పౌరసత్వం కోసం తిరిగారు, న్యూయార్క్ వైపు జె.జె. సింగ్ అనే భారతీయ వ్యాపారి లాంటివాళ్ళు కూడా గట్టిగా పట్టుబట్టారు, చివరికి 1946 జులైలో అధ్యక్షుడు ట్రూమన్ సంతకంతో లూస్-సెల్లర్ చట్టం వచ్చింది. ఇండియా నుంచి ఏడాదికి వందమంది రావొచ్చు, ఉన్నవాళ్ళు పౌరులు కావొచ్చు. వంద. అంతే.

1949 డిసెంబర్ 16న సౌంద్ అమెరికా పౌరుడయ్యాడు. మరుసటి ఏడాది నవంబర్లో వెస్ట్‌మోర్లాండ్ అనే తన చిన్న ఊళ్ళో జడ్జి పదవికి నిలబడ్డాడు, అక్కడ జడ్జిని కూడా జనమే ఎన్నుకుంటారు, గెలిచాడు కూడా. అయితే ఎన్నిక రోజుకి పౌరసత్వం వచ్చి ఏడాది నిండలేదు, ఒక్క నెల తక్కువ! కుర్చీ ఇవ్వం పొమ్మన్నారు. నేనైతే ఊరొదిలేసి పోయేవాణ్ణేమో, ఈయన మాత్రం 1952 దాకా ఆగి మళ్ళీ నిలబడి మళ్ళీ గెలిచాడు. ఆ ప్రచారంలోనే ఒకాయన పదిమందిలో వెటకారంగా అడిగాడట, డాక్టరూ, నువ్వు గెలిస్తే కోర్టుకొచ్చేవాళ్ళకి తలపాగాలు నువ్విస్తావా మేం కొనుక్కోవాలా అని. తల మీద ఏముందో నాకనవసరం, లోపల ఏముందో అదే నాక్కావాలి అన్నాడు సౌంద్. జడ్జి అయ్యాక ఊళ్ళో జూదం, వ్యభిచారం అడ్డాల మీద పడ్డాడు, దాంతో చుట్టుపక్కల పేరొచ్చింది.

ఇక 1956, కాంగ్రెస్ సీటు. ఏడేళ్ళు పౌరుడై ఉండాలన్నది రాజ్యాంగం రూలు. సొంత పార్టీలో పోటీదారుడే కోర్టుకెళ్ళాడు ఈయనకి అర్హత లేదని, కుదర్లేదు. ఎందుకంటే ఏడేళ్ళు డిసెంబర్ 16కి నిండుతాయి, కొత్త సభ కూర్చునేది జనవరి 3న, మధ్యలో మూడు వారాలు కూడా లేవు! లెక్కల డాక్టర్ కదా, చూసుకునే ఉంటాడు.

ఎదురుగా రిపబ్లికన్ అభ్యర్థి ఎవరో తెలుసా, జాక్వెలిన్ కాక్రన్, 1953లో ధ్వని వేగాన్ని దాటి విమానం నడిపిన మొదటి మహిళ, భర్త పెద్ద కోటీశ్వరుడు, ఆవిడ ప్రచారానికి తన విమానం తనే నడుపుకుంటూ వచ్చేది. ఇటు సౌంద్ కుటుంబం ఇల్లిల్లూ తిరిగి ఓటర్లని నమోదు చేయించింది. తక్కువ మెజారిటీతోనే అయినా ఈయనే గెలిచాడు.

గెలిచాక విదేశాంగ కమిటీలో వేశారు, 1957లో ఆసియా టూర్‌కి పంపారు, ముప్ఫై ఏడేళ్ళ తర్వాత సొంతూరు చూసుకున్నాడు, ఢిల్లీలో పార్లమెంటు సభ్యుల ముందు మాట్లాడాడు. అమెరికా ప్రజాస్వామ్యానికి నేనే బతికున్న సాక్ష్యం అనేవాడు. ఇక్కడ నాకు కాస్త ఇబ్బంది అండి, సోవియట్‌తో పోటీ పడుతున్న వాషింగ్టన్‌కి ఈయన చూపించుకోడానికి బాగా పనికొచ్చాడు, కానీ ఇదే మనిషిని పాతికేళ్ళు వాకిట్లో నిలబెట్టింది కూడా వాళ్ళే, ఆ రెండో సగం ఆయన గట్టిగా చెప్పివుంటే బాగుండేది. తన జిల్లా పెద్ద రైతులకి కావాలంటే మెక్సికో నుంచి కూలీల్ని తాత్కాలికంగా తెప్పించే పథకాన్ని కూడా సమర్థించాడు, ఒకప్పుడు తనే కూలీల మేస్త్రీ అయి ఉండి! ఓట్లు రైతులవి మరి.

1958, 1960 రెండుసార్లూ మళ్ళీ గెలిచాడు. 1962 మేలో వాషింగ్టన్ వెళ్తూ విమానంలోనే పక్షవాతం వచ్చి మాట పడిపోయింది, ఆ నవంబర్లో ఓడిపోయాడు, 1973లో చనిపోయాడు. మళ్ళీ ఒక భారతీయ మూలాలున్న మనిషి ఆ సభకి ఎన్నికవ్వడం అంటే 2004లో బాబీ జిందాల్. ఆ వందమంది కోటా పద్ధతిని 1965 చట్టం తీసేసింది, మన గుంటూరు, వరంగల్ డాక్టర్లూ ఇంజనీర్లూ పెద్ద సంఖ్యలో విమానం ఎక్కడం ఆ తర్వాతే మొదలైంది.