నిష్పత్తి లెక్కలో మారనిది ఏది?

అందరికీ నమస్కారం. డిసెంబర్ 22 రామానుజన్ పుట్టినరోజు కాబట్టి ఒక లెక్కల మాస్టారిని పిలిచి శాలువా కప్పడం బళ్ళలో ఆనవాయితీ. శాలువాకి థాంక్స్. కానీ నేను రామానుజన్ గురించి మాట్లాడను, ఆయన లెక్కలు నాకు అందవు. నాకు అందేది ఆరో తరగతిలో వచ్చే నిష్పత్తి. ముప్పై ఏళ్ళు అదే చెప్పాను. మొదటి కొన్నేళ్ళు తప్పుగా చెప్పాను.

తప్పంటే సూత్రం తప్పు కాదు. అంత్యాల (మొదటి, చివరి సంఖ్యల) లబ్ధం మధ్యమాల (మధ్య రెండు సంఖ్యల) లబ్ధానికి సమానం అని బోర్డు మీద రాసి, చుట్టూ డబ్బా గీసి, వల్లె వేయించేవాణ్ణి. ఒకసారి పరీక్షలో ఇచ్చాను: పదిమంది కూలీలు 6 రోజుల్లో నాట్లు వేస్తే, అదే పొలానికి 15 మంది అయితే ఎన్ని రోజులు? ఇంట్లో పేపర్లు దిద్దుతుంటే వరసగా అందరివీ 9 రోజులే. అడ్డంగా గుణించారు, భాగించారు, కింద రెండు గీతలు కూడా గీశారు. విసుగొచ్చి పైకే చదివాను. వత్తులు చేసుకుంటున్న మా అమ్మ తలెత్తి, "పదిమంది ఆరు రోజుల్లో వేసే నాట్లకి పదిహేనుమందిని పెడితే తొమ్మిది రోజులా? ఏరా, వాళ్ళు నాటుతున్నారా, పీకుతున్నారా?" అంది.

మా అమ్మ బడికి వెళ్ళింది మూడేళ్ళే. ఒకటి పెరిగేకొద్దీ రెండోది తగ్గడాన్ని విలోమానుపాతం అంటారని ఆవిడకి తెలీదు. పొలం అదే పొలం అని మాత్రం తెలుసు. ఆ పని మొత్తం 60 మంది కూలీల ఒక రోజు పని. 15 మంది దిగితే 4 రోజులు. ఆ మర్నాటి నుంచి క్లాసులో నా మొదటి ప్రశ్న మారిపోయింది. ఏం కనుక్కోవాలి అని అడగడం మానేసి, "ఇందులో మారనిది ఏది?" అని అడగడం మొదలుపెట్టాను.

పాలూ నీళ్ళ లెక్క చూడండి. 40 లీటర్ల మిశ్రమంలో పాలు, నీళ్ళు 3:1. ఎన్ని నీళ్ళు కలిపితే 3:2 అవుతుంది? నీళ్ళు మారతాయి, మొత్తం మారుతుంది. మారనివి పాలు, 30 లీటర్లు. అవి ముందూ మూడు పాళ్ళే (అంటే వాటాలే), తర్వాతా మూడు పాళ్ళే. ఒక పాలు 10 లీటర్లు. నీళ్ళు ఒక పాలు నుంచి రెండు పాళ్ళయ్యాయి, కాబట్టి 10 లీటర్లు కలిపారు. (పాలు మూడు పాళ్ళు అనేసరికి పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి, లెక్క గుర్తుంటుంది.)

వయసుల లెక్క అంటే పిల్లలకి టెన్షన్. తండ్రీ కొడుకుల వయసులు ఇప్పుడు 3:1, మరో 12 ఏళ్ళకి 2:1. ఇక్కడ ఇద్దరి వయసులూ మారతాయి. వాళ్ళ మధ్య తేడా మాత్రం చచ్చేదాకా అంతే. మొదటి నిష్పత్తిలో తేడా రెండు పాళ్ళు, రెండోదాంట్లో ఒకటి. ఒకే తేడాని రెండు కొలతలతో కొలుస్తున్నామన్నమాట. కొలత కలపడానికి 2:1ని 4:2గా రాయండి. ఇప్పుడు తండ్రి 3 నుంచి 4కి, కొడుకు 1 నుంచి 2కి వెళ్ళారు. ఆ ఒక్క పాలే 12 ఏళ్ళు. తండ్రికి 36, కొడుక్కి 12. ఎక్స్ పెట్టి చేసినా ఇదే వస్తుంది, చేయొద్దని నేననను. కానీ ఎక్స్ పెట్టిన పిల్లాణ్ణి ఆ ఎక్స్ అంటే ఏంటని అడిగితే దిక్కులు చూస్తాడు. పాలు అంటే ఏంటో వాడికి తెలుసు.

గోళీల లెక్కలో ఒకడి జేబులోంచి ఇంకొకడి జేబులోకి పోతాయి, మొత్తం మారదు. 5:3 ఉన్నప్పుడు మొదటివాడు రెండోవాడికి 10 ఇస్తే ఇద్దరికీ సమానమయ్యాయి. ఎనిమిది పాళ్ళు చెరి నాలుగు అయ్యాయంటే చేతులు మారింది ఒక పాలు. అదే 10. మొత్తం 80.

ఇదేమీ నేను కనిపెట్టింది కాదు. మూడు తెలిస్తే నాలుగోది కనుక్కోవడాన్ని మనవాళ్ళు త్రైరాశికం అన్నారు. ఆర్యభటుడు చెప్పాడు. 11వ శతాబ్దంలో మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పావులూరి మల్లన కాలానికి ఇది పాత సంగతే. ప్రమాణం, ఫలం, ఇచ్ఛ అని మూడు పేర్లు. 5 కిలోల బియ్యం ప్రమాణం, 280 రూపాయలు ఫలం, మనకి కావలసిన 8 కిలోలు ఇచ్ఛ. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగిస్తే 448 రూపాయలు. ప్రమాణం, ఇచ్ఛ ఒకే జాతివి కావాలని పాతవాళ్ళ షరతు. 50 పైసలకీ 2 రూపాయలకీ నిష్పత్తి 50:2 అని రాసే పిల్లలు తప్పేది సరిగ్గా అక్కడే. రెంటినీ పైసల్లో రాస్తే 50:200, అంటే 1:4. ఇక బియ్యం లెక్కలో మారనిది, మనం మార్చకూడనిది, ధర. కిలో 56.

ఇంకో తప్పు ఇళ్ళలోనే పట్టుకోవచ్చు. దోసెల పిండికి గ్లాసు మినప్పప్పు, మూడు గ్లాసుల బియ్యం అనుకోండి. చుట్టాలొచ్చారు, పప్పు రెండు గ్లాసులు పోశాం, బియ్యం ఎంత అని పిల్లాణ్ణి అడగండి. పప్పు ఒకటి పెరిగింది కాబట్టి బియ్యమూ ఒకటి పెంచి నాలుగంటే, వాడు గుణించాల్సిన చోట కూడుతున్నాడు. తిట్టకండి. నాలుగే పోసి రుబ్బి, ఆ దోసె వాడికే పెట్టండి.

ఎక్కువ మాట్లాడాను. వెళ్ళేముందు ఒక లెక్క. ఇద్దరి జీతాలు 5:4, ఖర్చులు 3:2. నెలాఖరుకి ఇద్దరికీ 16,000 చొప్పున మిగులుతుంది. జీతాలెంత? మిగిలేది ఇద్దరికీ ఒకటే కాబట్టి జీతాల్లో తేడా ఎంతో ఖర్చుల్లో తేడా అంతే. అంతవరకే చెప్తాను. చాక్‌పీసు ఇదిగో. టెన్త్ పిల్లలు నోరు మెదపొద్దు, ముందు మీ అమ్మానాన్నల్ని చెయ్యనివ్వండి.