మీరు లేని గడి ముందు నింపండి

శ్రోతలందరికీ నమస్కారం.

ఈ రోజు లెసన్ ప్లాన్ గురించి, అంటే టీచరు ఏ పాఠం ఎప్పుడు, ఎలా చెప్పాలో ముందే రాసుకునే కాగితం గురించి మాట్లాడతాను. అది టీచర్ల వ్యవహారం, మాకెందుకని రేడియో కట్టేయకండి. మీ ఊరి బడిలో మీ పిల్లవాడికి రోజుకు ఎన్ని నిమిషాలు టీచరు దక్కుతారు, మిగతా సమయం ఎలా గడుస్తుంది అన్నది ఆ కాగితం మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు చిన్న లెక్క. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లీషు, గణితం. మూడు నుంచి అయిదు వరకు వాటికి తోడు పరిసరాల విజ్ఞానం. అంటే మొదటి రెండు తరగతులకు ఆరు, తర్వాతి మూడింటికి పన్నెండు, మొత్తం 18 పాఠాలు. ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. రోజుకు నాలుగు గంటలు, అంటే 240 నిమిషాలు. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఆ 240 నిమిషాలను 18 పాఠాలకు పంచండి. ఒక్కో పాఠానికి 13 నిమిషాలు. పదమూడే నిమిషాలు. అదే చట్టం ప్రకారం 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు. అప్పుడైనా 26 నిమిషాలే. మన శ్రీకాకుళం జిల్లాలో మందస, మెళియాపుట్టి కొండల దిగువన ఉన్న ఊళ్ళు తలుచుకోండి. ఈ లెక్క ఎవరి గురించో మీకే అర్థమవుతుంది.

ఇప్పుడు ఇదే లెక్కను పిల్లవాడి వైపు నుంచి చూద్దాం. ఏకోపాధ్యాయ పాఠశాలలో మూడో తరగతి పిల్లవాడికి నాలుగు పాఠాలు, పాఠానికి 13 నిమిషాల చొప్పున గంట కూడా పూర్తిగా రాదు. మిగతా మూడు గంటల పైచిలుకు వాడు తరగతి గదిలోనే ఉంటాడు, పక్కన టీచరు ఉండరు. టీచరు వేరే తరగతి దగ్గర ఉంటారు. ఆ మూడు గంటలు ఏమవుతున్నాయి? నా ప్రసంగమంతా ఆ మూడు గంటల గురించే.

మేము టీచర్ ట్రైనింగులో నేర్చుకున్న పాఠ్య ప్రణాళిక, అంటే లెసన్ ప్లాన్, మంచిదే. వార్షిక ప్రణాళిక, దాని కింద యూనిట్ ప్లాన్, దాని కింద పీరియడ్ ప్లాన్. అయితే అది ఒక టీచరు, ఒక తరగతి, ఒక సబ్జెక్టు అనే ఊహ మీద నడుస్తుంది. సబ్జెక్టుకో పుస్తకం పెట్టి, పుస్తకానికో ప్లాను రాసుకుంటూ పోతే, నేను ఏం చెబుతానన్నది అందులో వివరంగా ఉంటుంది. నేను చెప్పని పిల్లలు ఆ సమయంలో ఏం చేస్తారన్నదానికి అందులో చోటే ఉండదు. అందుకే ఆ పిల్లలు పాఠాన్ని చూసి రాస్తూ కూర్చుంటారు, లేదా ఎక్కాలు అప్పజెప్పుకుంటూ కూర్చుంటారు.

నేను చెప్పేది ఒక్కటే. ప్లాను తిరగేసి రాయండి. మీరు లేని తరగతికి ముందు రాయండి. మీరున్న తరగతికి తర్వాత రాయండి.

ఎలాగంటే, రోజుకో కాగితం తీసుకోండి. నిలువుగా తరగతులు, అడ్డంగా పీరియడ్లు. ప్రతి వరుసలో మీరు ఏ తరగతి దగ్గర కూర్చుంటారో ఆ గడిలో సున్నా చుట్టండి. ఇప్పుడు ఆ సున్నా గడిని వదిలేసి, మిగతా గడులు నింపండి. ఒక్కో గడిలో మూడు సంగతులు చాలు. పిల్లలు చేసే పని ఏమిటి, దానికి కావలసిన సామాను ఏమిటి, పని సరిగ్గా అయిందో లేదో ఎవరు చూస్తారు. మూడోది మరిచిపోవద్దు. ఎవరు చూస్తారు. అది రాయకపోతే పని ముగించిన ప్రతి పిల్లవాడూ పలక పట్టుకుని మీ దగ్గరకే వస్తాడు. మీ 13 నిమిషాలు ఏడవుతాయి.

ఉద్దానంలో పనిచేసే ఒక టీచరమ్మ దగ్గర ఇలాంటి కాగితం నేను కళ్ళారా చూశాను. ఆ ఉదయం నాకు చాలా ఇష్టం, అందుకని వివరంగానే చెబుతాను. వాళ్ళ బడిలో టీచర్లు ఇద్దరు. ఒకటి, రెండు తరగతులు ఒకరివి, మూడు నాలుగు అయిదు ఈవిడవి. చుట్టూ జీడితోటలు. ఆ వారానికి ఆవిడ తీసుకున్న విషయం జీడిమామిడి. అన్ని సబ్జెక్టులకూ అదే.

గణితం పీరియడ్. నేల మీద పాత పేపర్లు పరిచి మూడో తరగతి ముందు ఒక గిన్నెడు జీడిపప్పు పోశారు. పదేసి కుప్పలు పెట్టి, ఎన్ని పదులు, ఎన్ని ఒకట్లు అని పలక మీద రాయాలి. రాశాక పక్క జట్టు వచ్చి లెక్క సరిచూడాలి. నాలుగో తరగతికి ఇంకో గిన్నె. అందులో నిండు పప్పు, బద్దలు, ముక్కలు కలిసి ఉన్నాయి. వేరుచేసి, రెండు బద్దలు కలిపితే ఒక నిండు పప్పు కదా, బద్దలన్నీ కలిపితే ఎన్ని నిండు పప్పులవుతాయో రాయాలి. అర అంటే ఏమిటో బోర్డు మీద గీతలు గీసి చెప్పనవసరం లేకుండా చేతిలోనే ఉంది. ఈ రెండు గడులూ ముందు నిండాయి. సున్నా మాత్రం అయిదో తరగతి గడిలో ఉంది.

అయిదో తరగతి వాళ్ళకు ఆవిడ రెండు పొట్లాలు చూపించారు. ఒకదాని మీద 180, రెండోదాని మీద 320. పలాస వ్యాపారులు రోజూ వాడే నంబర్లే ఇవి. “వీటిలో పెద్ద పప్పు ఏది?” అని అడిగారు. అందరూ 320 అన్నారు. ఆవిడ అవునని గానీ కాదని గానీ అనలేదు. పొట్లాలు విప్పి, ఒక్కోదాంట్లోంచి పది పప్పులు తీసి చిన్న తక్కెడలో చెరోవైపు వేశారు. 180 వైపు పళ్ళెం కిందకు దిగిపోయింది. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అప్పుడు చెప్పారావిడ, ఆ నంబరు ఒక పౌను బరువుకు ఎన్ని పప్పులు తూగుతాయో చెబుతుందని. పౌను అంటే సుమారు 454 గ్రాములు, అర కిలోకు కాస్త తక్కువ. వెంటనే ఒక అమ్మాయి, “అయితే నంబరు తగ్గేకొద్దీ పప్పు పెద్దదవుతుంది టీచర్!” అంది. ఆ తర్వాత 320 రకం ఒక్క పప్పు ఎన్ని గ్రాములుంటుందో భాగహారం చేసి, ఒకటిన్నర గ్రాము లోపే అని తేల్చారు. ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో మిగతా రెండు తరగతుల నుంచి ఒక్కరు కూడా లేచి వచ్చి “ఇప్పుడేం చేయాలి టీచర్?” అని అడగలేదు. నేను అక్కడే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ నిశ్చింతే.

మరి తినకుండా లెక్కపెట్టారా అని మీకు సందేహం రావచ్చు. లెక్క తేలాక అందరికీ సమానంగా పంచుతానని ఆవిడ ముందే చెప్పారు. పంపకం మూడో తరగతి వాళ్ళ చేతే చేయించారు. అదీ భాగహారమే.

పచ్చి పిక్కలు మాత్రం ఎవరూ బడికి తేవద్దని ముందు రోజే గట్టిగా చెప్పారట. పిక్క పెంకులో ఉండే జిడ్డు చర్మానికి తగిలితే పొక్కుతుంది. ఎందుకు తేకూడదో చెబుతుండగా ఒక పిల్లవాడు, “మా అమ్మ పిక్కలు కొట్టేముందు చేతులకు బూడిద రాసుకుంటుంది టీచర్” అన్నాడు. ఆ మాటే ఆ రోజు తెలుగు పాఠమైంది. అమ్మ చేసే పనిని మొదటి నుంచి చివరి దాకా వరసగా అయిదారు వాక్యాల్లో రాయడం. ఎండబెట్టడం, కాల్చడం, కొట్టడం, పొట్టు తీయడం, రకాలుగా ఏరడం. ఇంకొక పిల్లవాడు పనిని వదిలేసి తాతగారి తోట గురించి రాశాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఆ తోట ఎలా నేలకొరిగిందో తాతగారు చెప్పగా విన్నదంతా రాశాడు. ఆవిడ ఆపలేదు. ఆపకపోవడమే సరైనదని నేనూ అనుకుంటాను.

పరిసరాల విజ్ఞానంలో, మనం పండు అనుకుని తినేది నిజానికి ఉబ్బిన కాడ అనీ, అసలు కాయ దాని కింద వేలాడే పిక్క అనీ చెప్పారు. ఈ చెట్టు మనది కాదనీ, 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు బ్రెజిల్ నుంచి తెచ్చారనీ గ్లోబు మీద చూపించారు. ఇంగ్లీషులో రంగుల పేర్లు, పైన, కింద, లోపల, బయట అనే మాటలు. విషయం ఒక్కటే, దాని మీదే నాలుగు సబ్జెక్టులు నడిచాయి. కొత్త సామాను వెతుక్కునే పని తప్పింది, అది చిన్న విషయం కాదు.

అయితే అన్నిటినీ ఒకే విషయానికి ముడిపెట్టాలని పట్టుబట్టకండి. తీసివేతలో పది అప్పు తెచ్చుకోవడం నేర్పాలంటే దాన్ని నేరుగానే నేర్పాలి. నా అభిప్రాయంలో ఇలాంటి వారం నెలకొకటి చాలు. పొందూరు వైపు వాళ్ళకు ఖాదీ ఉంది, పత్తిని వాలుగ చేప దవడతో దువ్వే పద్ధతి పిల్లలు ఇంట్లోనే చూస్తారు. విజయనగరం జిల్లాలో బొబ్బిలి దగ్గర ఒకే పనస మానులోంచి వీణ చెక్కుతారు. దాని మీద తీగను నొక్కే మెట్లు 24. ఎక్కాలకు అంతకంటే ఏం కావాలి?

మదనపల్లె దగ్గర రిషివ్యాలీ పాఠశాల వాళ్ళు ఇదే సమస్యకు కార్డుల పద్ధతి తయారుచేశారు. టీచరు పూర్తిగా తోడుండే జట్టు, కొంత తోడుండే జట్టు, తోటి పిల్లలే సాయపడే జట్టు, ఎవరి పని వారు చేసుకునే జట్టు. పిల్లవాడు తన తర్వాతి కార్డు తానే తీసుకుంటాడు. పక్క రాష్ట్రాలూ దీన్ని అందుకున్నాయి. అంత సామగ్రి మన దగ్గర లేకపోయినా అందులోని ఆలోచన మనం తెచ్చుకోవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మనవి. బడికి వెళ్ళినప్పుడు టీచరు ఒక మూల నలుగురు పిల్లలతో కూర్చుని ఉంటే, మిగతావాళ్ళను వదిలేశారని తొందరపడి అనుకోవద్దు. ఆ మిగతావాళ్ళ దగ్గరకు వెళ్ళి, “ఏం చేస్తున్నారు?” అని అడగండి. వాళ్ళు చెప్పగలిగితే ఆ బడి బాగా నడుస్తున్నట్టే.

టీచర్లకు చివరిగా ఒక పని. వారానికి 45 గంటల పనిలో తయారీ సమయం కూడా కలిసే ఉందని చట్టమే చెప్పింది. అందులోంచి శనివారం సాయంత్రం ఒక అరగంట దీనికి కేటాయించండి. పోయిన వారం కాగితాలు ముందు పెట్టుకుని, మీరు లేని గడుల్లో పిల్లలు పూర్తి చేయలేకపోయిన వాటి పక్కన టిక్కు పెట్టండి. సోమవారం మీ సున్నా ముందుగా ఆ గడిలో చుట్టండి. ఆ తర్వాతే పాఠ్యపుస్తకం తెరవండి.

సెలవు. నమస్కారం.