చిన్న క్లాసుల టీచర్ కావాలంటే ఏం చదవాలి?

హోస్ట్: నమస్కారం. విజయవాడ నుంచి ఈ వారం ఎపిసోడ్. ఇంటర్ అయిపోయిన ఇంట్లో మాటలన్నీ ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ చుట్టూ, డిగ్రీ అడ్మిషన్ల చుట్టూ తిరుగుతాయి. “నాకు ఒకటో తరగతి పిల్లలకి చదువు చెప్పాలని ఉంది” అనే అమ్మాయికి దారి చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. అందుకే గుంటూరు వైపు మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలల్లో ఏళ్ల తరబడి ఎస్జీటీగా, అంటే చిన్న తరగతులు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్‌గా పనిచేస్తున్న మేడం గారిని పిలిచాం. మేడం, ముందు సూటిగా ఒకటి అడుగుతాను. ప్రైమరీ టీచర్ కావాలంటే డిగ్రీ ఉండాలా?

టీచర్: ఇప్పుడున్న రూల్ ప్రకారం తప్పనిసరి కాదమ్మా. ఇంటర్‌లో 50 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ ఎస్టీ పిల్లలకి 45 చాలు. డీఈఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి, రెండేళ్ల టీచర్ ట్రైనింగ్ కోర్సు డీఈఎల్‌ఈడీలో చేరాలి. అది పాసయ్యాక టీచర్ అర్హత పరీక్ష టెట్, తర్వాత ప్రభుత్వ టీచర్ పోస్టుల ఎంపిక పరీక్ష డీఎస్సీ. మా పెద్దవాళ్లు టీటీసీ అనేవారు, ఆ తర్వాత డీఈడీ అన్నారు, ఇప్పుడు డీఈఎల్‌ఈడీ. ఇంట్లో పెద్దవాళ్లు ఇంకా “టీటీసీ చేయించండి” అంటుంటే కంగారు పడొద్దు, వాళ్లు చెప్పేది ఈ కోర్సు గురించే.

హోస్ట్: మరి చాలామంది డిగ్రీ చేసి, బీఈడీ కూడా చేసి, ఎస్జీటీ పోస్టుకి రాయొచ్చులే అనుకుంటారు కదా.

టీచర్: అక్కడే పిల్లల జీవితాల్లో రెండేళ్లు, నాలుగేళ్లు పోతున్నాయి. కాస్త వివరంగా చెప్తాను, దయచేసి శ్రద్ధగా వినండి. 2018 జూన్‌లో టీచర్ల అర్హతలు నిర్ణయించే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. బీఈడీ ఉన్నవాళ్లు కూడా ఒకటి నుంచి ఐదు తరగతులకి అర్హులే, ఉద్యోగంలో చేరాక ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే చాలని అందులో ఉంది. దాని మీద రాజస్థాన్‌లో కేసు నడిచింది. చివరికి 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు అది చెల్లదని తేల్చేసింది. మన రాష్ట్రంలో కూడా 2024 ఫిబ్రవరిలో ఇచ్చిన డీఎస్సీ నోటిఫికేషన్‌లో బీఈడీ వాళ్లని ఎస్జీటీకి రానిస్తే హైకోర్టు ఆపింది. కాబట్టి బీఈడీ అంటే స్కూల్ అసిస్టెంట్ దారి, అంటే పెద్ద తరగతులకి సబ్జెక్టు చెప్పే పోస్టు. ఎస్జీటీ దారి వేరు. బీఈడీ పెద్ద చదువు కాబట్టి చిన్న క్లాసులు కూడా అందులోనే వచ్చేస్తాయనే లెక్క కుదరదు.

హోస్ట్: కానీ వినేవాళ్లకి అన్యాయంగా అనిపించొచ్చు మేడం. ఎక్కువ చదివినవాళ్లు తక్కువ తరగతికి పనికిరారా అని.

టీచర్: ఆ బాధ నాకు అర్థమవుతుంది. బీఈడీ పిల్లలు ఎంతో కష్టపడి చదువుతారు. కానీ వాళ్లు నేర్చుకునేది ఒక సబ్జెక్టుని పెద్ద పిల్లలకి చెప్పే పద్ధతి. ఆరేళ్ల పిల్లాడి దగ్గర సమస్య సబ్జెక్టు కాదు. ఒకటి చెప్తాను చూడండి. 52లోంచి 27 తీసెయ్యమంటే రెండో తరగతి, మూడో తరగతి పిల్లలు చాలామంది 35 అని రాస్తారు. ఎందుకు?

హోస్ట్: ఒక్క నిమిషం... 25 కదా రావాలి. 35 ఎలా వచ్చింది?

టీచర్: పైన 2, కింద 7. రెండులోంచి ఏడు పోదు. అందుకని వాడు ఏడులోంచి రెండు తీసేసి 5 వేశాడు. ఐదులోంచి రెండు పోతే 3. వాడి దృష్టిలో వాడు చేసింది కరెక్టే! “తప్పు, మళ్లీ చెయ్” అంటే మళ్లీ 35 రాస్తాడు. పక్కింటి దగ్గర, అంటే పదుల స్థానం దగ్గర అప్పు తెచ్చుకోమని వందసార్లు చెప్పినా అంతే. అదే చీపురు పుల్లలు తీసుకుని, పదేసి చొప్పున రబ్బరు బ్యాండ్ వేసి ఐదు కట్టలు, విడిగా రెండు పుల్లలు వాడి ముందు పెట్టి, “నాకు ఇరవై ఏడు ఇవ్వు” అని అడిగామనుకోండి. రెండు కట్టలు ఇచ్చేస్తాడు. తర్వాత ఏడు పుల్లలు ఇవ్వాలి, చేతిలో రెండే ఉన్నాయి. కాసేపు నా మొహం చూసి, “టీచర్, కట్ట విప్పనా?” అని వాడే అడుగుతాడు. ఆ ప్రశ్న వాడి నోట్లోంచి వచ్చాక పలక మీద లెక్క చెప్పాలి. ముందు చెప్తే దండగ.

హోస్ట్: ఇది డీఈఎల్‌ఈడీలో నేర్పిస్తారా?

టీచర్: నేర్పిస్తారు, మనం కాలేజీకి వెళ్తే. బాల్య వికాసం, తెలుగు, ఇంగ్లీషు, గణితం, పరిసరాల విజ్ఞానం ఎలా బోధించాలి, టీఎల్‌ఎం, అంటే బోధన సామగ్రి ఎలా తయారు చేసుకోవాలి, ఇవన్నీ ఉంటాయి. వీటన్నిటికంటే ముఖ్యం ఇంటర్న్‌షిప్. నిజం బడిలో, నిజం పిల్లల ముందు నిలబడాలి. ఒక్కో బడిలో ఒకే గదిలో రెండు మూడు తరగతులు కూర్చుంటాయి. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూ, నాలుగో తరగతికి పని అప్పజెప్పి, మళ్లీ ఇటు తిరిగి చూసుకోవాలి. ఇది నోట్సు చదివితే వచ్చే విద్య కాదు.

ఇంకో మాట కూడా చెప్పాలి, కొంచెం గట్టిగానే చెప్తాను. “కాలేజీకి రానక్కర్లేదు, పరీక్షలకి వస్తే చాలు, రికార్డులు మేమే రాయిస్తాం” అనేవాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గర చేరొద్దు. సర్టిఫికెట్ చేతికొస్తుంది కానీ, మొదటి రోజు ముప్పై మంది పిల్లలు ఒక్కసారిగా ఏడుస్తుంటే ఏం చెయ్యాలో తెలియదు. నష్టపోయేది ఆ పిల్లలు. ఇంట్లో చెప్పించుకోలేని కుటుంబాల పిల్లలు వాళ్లు. వాళ్లకి బడి తప్ప ఇంకో దిక్కు లేదు.

హోస్ట్: మంచి చోటు ఎలా వెతుక్కోవాలి?

టీచర్: ముందు ప్రభుత్వ డైట్‌కి, అంటే జిల్లా టీచర్ ట్రైనింగ్ సంస్థకి ప్రయత్నించండి. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత జిల్లాకొకటి అని పెట్టిన సంస్థలు అవి. గుంటూరు వైపు అయితే చిలకలూరిపేట వెళ్లే దారిలో బోయపాలెం, కృష్ణా వైపు అయితే గుడివాడ దగ్గర అంగలూరు. అక్కడ సీటొస్తే ఫీజు భారం చాలా తక్కువ.

హోస్ట్: ఇప్పుడు కొత్తగా నాలుగేళ్ల బీఈడీ అంటున్నారు. ఐటెప్ అని. అది డిగ్రీ కూడా అవుతుంది కదా?

టీచర్: అవుతుంది. డిగ్రీ, బీఈడీ రెండూ కలిపి నాలుగేళ్లలో. బీఏ బీఈడీ, బీఎస్సీ బీఈడీ, బీకాం బీఈడీ అని ఉంటాయి. 2023-24 నుంచి మొదలైంది. నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ (ఎన్‌టీఏ) వాళ్లు పెట్టే ఎన్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, తెలుగులో కూడా రాయొచ్చు. 2030 నాటికి టీచర్‌కి కనీస అర్హత ఈ నాలుగేళ్ల కోర్సే కావాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. కాబట్టి ఇప్పుడు పది, ఇంటర్ చదివే పిల్లలు దీన్ని తప్పకుండా చూడాలి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఇందులో దశలున్నాయి. ఫౌండేషనల్ అంటే రెండో తరగతి దాకా, ప్రిపరేటరీ అంటే మూడు నుంచి ఐదు, తర్వాత మిడిల్, సెకండరీ. చేరబోయే కాలేజీకి ఏ దశకి అనుమతి ఉందో ముందే అడగండి. చిన్న పిల్లలకి చెప్పాలని చేరి సెకండరీ దశలో కూర్చుంటే మళ్లీ మొదటికే వస్తుంది.

హోస్ట్: డీఈఎల్‌ఈడీ చేసినవాళ్లు డిగ్రీ వదిలెయ్యొచ్చా మరి?

టీచర్: అస్సలు వదలొద్దు. ఉద్యోగం వచ్చాక స్కూల్ అసిస్టెంట్‌గా ప్రమోషన్ కావాలంటే డిగ్రీ, బీఈడీ అడుగుతారు. మాలో చాలామంది ఉద్యోగం చేస్తూనే దూరవిద్యలో చదువుకున్నాం. నాగార్జున యూనివర్సిటీ మన రెండు ఊళ్లకీ మధ్యలోనే ఉంది, విజయవాడలో ఇగ్నో రీజనల్ సెంటర్ ఉంది. ముందు డీఈఎల్‌ఈడీ, తర్వాత తీరిగ్గా డిగ్రీ. ఇంట్లో జరుగుబాటు కష్టంగా ఉన్న పిల్లలకి నేనైతే ఈ వరసే చెప్తాను.

హోస్ట్: టెట్, డీఎస్సీ అంటేనే టెన్షన్ చాలామందికి.

టీచర్: ఎస్జీటీకి టెట్ పేపర్ 1ఏ. 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు. ఓసీలకి 60 శాతం, బీసీలకి 50, ఎస్సీ ఎస్టీలకి 40 వస్తే పాస్. ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. కానీ పాసైపోయాం కదా అని ఊరుకోకండి, డీఎస్సీలో టెట్ మార్కులకి 20 శాతం వెయిటేజీ ఉంది. 2025 మెగా డీఎస్సీలో మొత్తం 16,347 పోస్టులు వస్తే అందులో ఎస్జీటీలే ఆరు వేలకు పైగా. అలాంటి నోటిఫికేషన్ ఏటా వస్తుందనుకుని కోచింగుల్లో ఏళ్లు గడిపేయొద్దు. వచ్చేలోపు ఎక్కడో ఒకచోట పిల్లలకి చెప్తూ ఉండండి.

హోస్ట్: ప్రైవేటు బడిలోనైనా?

టీచర్: ప్రైవేటైనా సరే. అసలు విద్యాహక్కు చట్టం ప్రకారం ఈ అర్హతలు ప్రైవేటు బళ్లకీ వర్తిస్తాయి. “చిన్న క్లాసులే కదా, ఎవరో ఒకరు చెప్తారులే” అనుకునేవాళ్లని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. పదో తరగతిలో వెనకబడిన పిల్లాడి పుస్తకాలు తిరగేస్తే, వాడు ఆగిపోయింది మూడో తరగతి తీసివేతల దగ్గరే అని తెలుస్తుంది.

హోస్ట్: చివరిగా, ఇంటర్ పూర్తయి ఇప్పుడు ఇంట్లో ఖాళీగా ఉన్న అమ్మాయి, అబ్బాయి ఏం చెయ్యాలి?

టీచర్: డీఈఈసెట్ నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. బళ్లు తెరిచాక మీ వీధిలోని ప్రాథమిక పాఠశాలకి వెళ్లండి. హెచ్ఎం గారిని అడిగి ఒక పూట ఒకటో తరగతిలో వెనక కూర్చోండి. పిల్లల ముక్కులు తుడవాలి, చెప్పుల గొడవలు తీర్చాలి, అదే అక్షరం ఇరవైసార్లు చెప్పాలి. ఇవన్నీ చూశాక కూడా రేపు మళ్లీ రావాలనిపిస్తే, ఆ సాయంత్రమే సర్టిఫికెట్లు సర్దుకుని అప్లికేషన్ పని మొదలుపెట్టండి. సందేహం ఉంటే డైట్‌కి వెళ్లి అక్కడి లెక్చరర్లని అడగండి, ఓపిగ్గా చెప్తారు.

హోస్ట్: చాలా థాంక్స్ మేడం. డీఈఎల్‌ఈడీ చదువుతున్నవాళ్లు మీ ఇంటర్న్‌షిప్ అనుభవాలు వాయిస్ మెసేజ్‌గా పంపండి, వచ్చే వారం వినిపిస్తాం.