అప్పుల బిల్లుకు అడ్డుపడిన అబార్షన్ గొడవ

వ్యాఖ్యాత: నమస్కారం. దివాలా తీసినవాళ్ల అప్పుల్ని కోర్టు మాఫీ చేసే అమెరికా దివాలా చట్టాన్ని 2005లో కఠినం చేశారు. అది అప్పులవాళ్ల సంగతి. అందులోకి అబార్షన్ ఎలా వచ్చింది మేడమ్?

విశ్లేషకురాలు: 1994లో అక్కడ ఫేస్ చట్టం వచ్చిందండి. అబార్షన్ క్లినిక్ గుమ్మానికి అడ్డంగా కూర్చున్నా, లోపలికి వెళ్లేవాళ్లను బెదిరించినా జరిమానా, నష్టపరిహారం కట్టాలి. కోర్టులు తీర్పులిచ్చాయి, డబ్బు మాత్రం రాలేదు. అబార్షన్ వ్యతిరేక సంఘం ఆపరేషన్ రెస్క్యూ స్థాపకుడు రాండాల్ టెర్రీ 1998లో దివాలా పిటిషన్ వేశారు. ఆ మరుసటి ఏడాది పోర్ట్‌లాండ్‌లో అబార్షన్ డాక్టర్ల పేర్లతో 'వాంటెడ్' పోస్టర్లు వేసినవాళ్లపై జ్యూరీ 10 కోట్ల డాలర్లకు పైగా పరిహారం విధించింది. వాళ్లలోనూ కొందరు దివాలా కోర్టుకే వెళ్లారు. అలాంటి బాకీలు దివాలాతో రద్దు కాకుండా ఆ దారి మూసేయాలని సెనేటర్ చక్ షూమర్ దివాలా బిల్లుకు సవరణ తెచ్చారు.

న్యాయవాది: అక్కడే నా అభ్యంతరం. కావాలని, దురుద్దేశంతో చేసిన హానికి పడే బాకీ దివాలాతో రద్దు కాదని పాత చట్టంలోనే ఉంది. అలాంటప్పుడు ఒక్క వర్గం నిరసనకారుల్ని వేలెత్తి చూపడం ఎందుకు? శాంతియుతంగా నిలబడి ప్రార్థన చేసేవాళ్లూ భయపడరా?

విశ్లేషకురాలు: ప్రార్థన చేస్తే ఫేస్ చట్టం కింద నేరం కాదు సార్. ఇక పాత చట్టం అంటారా, అది కాగితం మీద బాగానే ఉంది. గెలిచిన క్లినిక్ మళ్లీ దివాలా కోర్టులో దావా వేయాలి, ఆ హాని కావాలనే చేశారని అక్కడ వాదించాలి. లాయర్ ఫీజులు మళ్లీ మొదలు. చిన్న క్లినిక్ ఎన్నేళ్లు తిరుగుతుంది?

వ్యాఖ్యాత: మరి రాజీ కుదిరింది కదా?

విశ్లేషకురాలు: 2002లో కుదిరింది. అబార్షన్‌కు బద్ధ వ్యతిరేకి అయిన రిపబ్లికన్ ప్రతినిధి హెన్రీ హైడ్, షూమర్ కలిసి కూర్చుని ఒక్కో మాటా బేరమాడి రాసుకున్నారు. అయినా నవంబర్‌లో ప్రతినిధుల సభ ఆ రాజీ ఉన్న దివాలా బిల్లును చర్చకే రానివ్వలేదు. 243 మంది వద్దన్నారు, 172 మంది సరేనన్నారు. అధికారంలో ఉన్న రిపబ్లికన్లే పదుల సంఖ్యలో ఎదురు తిరిగారు.

న్యాయవాది: నమ్మకం కోసం సొంత పార్టీని కాదన్నారు. దాన్ని నేను గౌరవిస్తాను.

విశ్లేషకురాలు: గౌరవించండి. కానీ బిల్లు ఆగినన్నాళ్లూ ఊపిరి పీల్చుకున్నది అప్పులవాళ్లు. ఆస్పత్రి బిల్లులతో కుదేలైనవాళ్లు, ఉద్యోగం పోయినవాళ్లు. వాళ్ల పేరు మీద బిల్లును ఆపే బలం ఎవరికీ లేకపోయింది. నాకు బాధ కలిగించేది అదే. 2005 మార్చిలో షూమర్ సవరణ 46-53తో ఓడింది. రెండు రోజుల్లో సెనేట్ 74-25తో బిల్లు పాస్ చేసింది. ఏప్రిల్ 20న అధ్యక్షుడు బుష్ సంతకం పెట్టారు.

వ్యాఖ్యాత: సామాన్యుడికి ఏం మారింది?

విశ్లేషకురాలు: మీన్స్ టెస్ట్, అంటే కట్టే స్తోమత ఉందా అని చూసే పరీక్ష వచ్చింది. ఆదాయం ఆ రాష్ట్రపు మధ్యస్థ ఆదాయాన్ని మించితే లెక్కలు తీస్తారు. మిగులు ఉందని తేలితే అప్పు ఒక్కసారిగా మాఫీ కాదు, 5 ఏళ్లు వాయిదాలు కట్టాలి. పిటిషన్‌కు ముందు కౌన్సెలింగ్ తప్పనిసరి, దానికీ చాలామంది ఫీజు కట్టాలి. అక్టోబర్ 17 నుంచి కొత్త రూల్స్ అమలని తెలిసి జనం ముందే పరుగెత్తారు. ఆ ఏడాది దివాలా పిటిషన్లు 20 లక్షలు దాటాయి.

న్యాయవాది: మీన్స్ టెస్ట్ కఠినమే, ఒప్పుకుంటాను. ఆ చర్చకు సభలో ఇంకా ఎక్కువ సమయం దక్కాల్సింది. షూమర్ సవరణ మీద మాత్రం నా మాట మారదు.

విశ్లేషకురాలు: నాదీ మారదు సార్. తీర్పు గెలిచిన క్లినిక్‌కు డబ్బు రావాలి.